బాయికాడి నల్ల పైపు, బజారు కవర్: ఒకే పాలిథిన్‌కు ఇన్ని లెక్కలెందుకు?

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, ఏ ఊరి బజారైనా చూడండి, ఈ తంతు ఉండేదే. మున్సిపాలిటీ వాళ్లు వస్తారు, కిరాణా కొట్లలో, పూలబండ్ల మీద కవర్ల కట్టలు పట్టుకుంటారు, జరిమానా రాసి పోతారు. కొన్నాళ్లకు అదే మేకుకు మళ్లీ కవర్లు వేలాడుతుంటాయి. ఆ వీధి కింద తాగునీళ్లు మోసే నల్ల పైపు, మిద్దె మీది ట్యాంకు, పొద్దున్నే ఇంటికొచ్చే పాలప్యాకెట్, ఊరవతల బత్తాయి తోటలో డ్రిప్పు లైను, ఇవన్నీ జప్తు చేసిన ఆ కవర్‌కు చుట్టాలే. అన్నీ పాలిథిన్.

తెలంగాణలో సూక్ష్మసేద్యం పథకం కింద డ్రిప్పుకు ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం, బీసీలకు, చిన్న సన్నకారు రైతులకు 90 శాతం దాకా సబ్సిడీ నిబంధన ఉంది. అంటే ఒకే పదార్థానికి చేనులో సబ్సిడీ, బజారులో జరిమానా. కొట్టువాళ్లకు ఇది అన్యాయంగానే కనపడుతుంది. ప్లాస్టిక్ అంతా విషమే అనేవాళ్లు ఒకవైపు, అది లేకపోతే రోజు గడవదనేవాళ్లు మరోవైపు వాదించుకుంటుంటారు గానీ, అసలు ఆ పదార్థం ఏమిటన్న దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగరు.

రెండే మూలకాలు, పొడవాటి గొలుసు

పాలిథిన్‌లో ఉండేవి రెండే మూలకాలు: కార్బన్, హైడ్రోజన్. నాఫ్తా వంటి పెట్రోలియం ఉత్పత్తి నుంచి, లేదా సహజవాయువులోని ఈథేన్ నుంచి ఇథిలీన్ అనే వాయువు తీస్తారు. ఆ ఇథిలీన్ అణువులు వేలకు వేలు ఒకదాని వెంట ఒకటి అతుక్కుంటే పాలిథిన్. గొలుసులో క్లోరిన్ లేదు, నైట్రోజన్ లేదు. కొవ్వొత్తి మైనానిదీ ఇదే వంశం, కాకపోతే దాని గొలుసులు చాలా పొట్టివి. పాలిథిన్ ముక్క కాలితే కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన వచ్చేది అందుకే.

ఇది మొదట అనుకోకుండానే పుట్టింది. 1933లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో రెజినాల్డ్ గిబ్సన్, ఎరిక్ ఫాసెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఇథిలీన్‌ను విపరీతమైన పీడనంలో వేరే రసాయనంతో కలపబోతే, పాత్ర అడుగున తెల్లటి మైనం లాంటిది మిగిలింది. దాన్ని మళ్లీ తెప్పించడానికి రెండేళ్లు పట్టింది. ఎక్కడి నుంచో కొంచెం ఆక్సిజన్ కలిస్తేనే చర్య మొదలవుతోందని అప్పుడు తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ కేబుళ్ల తొడుగుగా పనికొచ్చాక గానీ దాని విలువ తెలియలేదు. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్, పెద్ద పీడనం అక్కర్లేకుండా ఉత్ప్రేరకంతో గొలుసులను తిన్నగా పెంచే దారి కనుక్కున్నారు. ఆ పనికి ఇటలీకి చెందిన జూలియో నట్టాతో కలిపి 1963లో నోబెల్ బహుమతి వచ్చింది.

తెలంగాణలో ఇథిలీన్ తీసే కర్మాగారం లేదు. పానిపట్, హల్దియా, గుజరాత్ వంటి చోట్ల తయారైన తెల్లని గుళికలు 25 కిలోల బస్తాల్లో ఇక్కడి పైపుల, కవర్ల యూనిట్లకు వస్తాయి. కరిగించి ఊదితే కవర్, అచ్చులోంచి తోస్తే పైపు.

తుమ్మకంప, చొప్పకట్ట

అంతా ఇథిలీనే అయినప్పుడు ఒకటి మెత్తటి కవర్, ఇంకొకటి గట్టి పైపు ఎట్లా అయ్యాయి? తేడా గొలుసు కొమ్మల్లో ఉంది. తుమ్మకంపను ఎంత తొక్కినా మోపు దగ్గరికి రాదు, మధ్యలో సందులుంటాయి. జొన్నచొప్ప తిన్నగా ఉంటుంది కాబట్టి కట్ట బిగువుగా వస్తుంది. ఎక్కువ పీడనంలో చేసిన పాలిథిన్ గొలుసులకు అడ్డదిడ్డంగా కొమ్మలుంటాయి. అవి దగ్గరగా పేరుకోలేవు, కాబట్టి సాంద్రత తక్కువ, ఘనసెంటీమీటరుకు 0.91 నుంచి 0.93 గ్రాములు. ఇది ఎల్‌డీపీఈ, అంటే తక్కువ సాంద్రత పాలిథిన్. మెత్తగా, సాగేటట్టు ఉంటుంది. 105 నుంచి 115 డిగ్రీల దగ్గర కరుగుతుంది.

జీగ్లర్ దారిలో తిన్నగా పెరిగిన గొలుసులది హెచ్‌డీపీఈ, అంటే ఎక్కువ సాంద్రత పాలిథిన్. సాంద్రత 0.94 పైన, కరిగేది 125 నుంచి 135 డిగ్రీల మధ్య. ఊరి లోపల నల్లా నీళ్లు పంచే నల్ల పైపు, దాని మీద నీలం గీతలు, అది హెచ్‌డీపీఈ. ఇలాంటి పైపులకు 50 ఏళ్ల మన్నిక లెక్కగట్టి మందం నిర్ణయిస్తారు. ధాన్యం కుప్పల మీద కప్పే పరదాలు కూడా హెచ్‌డీపీఈ పట్టీలతో నేసి, పైన ఎల్‌డీపీఈ పూత పూసినవే. చేతిలో నలిపితే గరగరలాడే పల్చటి బజారు కవర్ సాధారణంగా హెచ్‌డీపీఈ. చప్పుడు చేయకుండా మెత్తగా జారేది ఎల్‌డీపీఈ రకం.

మూడోది ఎల్‌ఎల్‌డీపీఈ, అంటే తిన్నని గొలుసుల తక్కువ సాంద్రత పాలిథిన్. గొలుసు తిన్నగానే ఉంటుంది గానీ, కావాలని అక్కడక్కడ పొట్టి కొమ్మలు పెడతారు. మెత్తదనమూ ఉంటుంది, చిరగని బిగువూ ఉంటుంది. పాలప్యాకెట్లో ఎల్‌డీపీఈతో కలిపి ఇది వాడతారు. తోటలో డ్రిప్పు లాటరల్ (మొక్కల సాళ్ల వెంట పరిచే సన్న పైపు), మిద్దె మీద మనమందరం కంపెనీ ఏదైనా సింటెక్స్ అనే పిలుచుకునే ట్యాంకు, ఇవన్నీ ఈ రకమే.

చూడ్డానికి పాలిథిన్‌లా ఉండి కానివీ ఉన్నాయి. మంచినీళ్ల సీసా పెట్ అనే వేరే ప్లాస్టిక్. బోరు కేసింగ్ పైపు పీవీసీ, దాంట్లో బరువులో సగానికి పైగా క్లోరినే ఉంటుంది, కాలిస్తే వచ్చే పొగ వేరే రకం ప్రమాదం. బియ్యం సంచి ఎక్కువగా పాలీప్రొపిలీన్. నీళ్లలో వేస్తే పాలిథిన్, పాలీప్రొపిలీన్ తేలతాయి, పీవీసీ, పెట్ మునుగుతాయి. వస్తువు అడుగున మూడు బాణాల మధ్య 2 ఉంటే హెచ్‌డీపీఈ, 4 ఉంటే ఎల్‌డీపీఈ. ఆ అంకె రకాన్ని చెబుతుందంతే. దాన్ని తప్పకుండా రీసైకిల్ చేస్తారన్న హామీ అందులో లేదు.

120 మైక్రాన్ల వెనక ఉన్న లెక్క

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో చేతిసంచి కవర్‌కు కనీస మందం 50 మైక్రాన్లు. 2021 సెప్టెంబర్ 30 నుంచి అది 75 అయింది, 2022 డిసెంబర్ 31 నుంచి 120. మధ్యలో 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు, చెంచాలు, స్వీటు డబ్బాల మీద చుట్టే పల్చని పొర వంటివాటిని పూర్తిగా నిషేధించారు. అంటే ఈ కేంద్ర నిబంధనలు కవర్‌ను అసలుకే నిషేధించలేదు, మందం పెంచమన్నాయి. బజారులో మాత్రం "కవర్లు బంద్" అనే మాటే తిరుగుతుంటుంది. వ్యాపారికి, సిబ్బందికి మధ్య గొడవల్లో సగం ఇక్కడ మొదలవుతాయి.

మందం పెంచితే ఏమవుతుందో ఒక కవర్‌తో చూద్దాం. వెడల్పు 25 సెంటీమీటర్లు, ఎత్తు 35. రెండు పొరలు కలిపి 1,750 చదరపు సెంటీమీటర్లు. సాంద్రత 0.92 అనుకుందాం. 20 మైక్రాన్లయితే ఆ కవర్ బరువు 3.2 గ్రాములు, కిలోకు 310 కవర్లు వస్తాయి. 50 అయితే 8 గ్రాములు, కిలోకు 124. 120 మైక్రాన్లకు 19.3 గ్రాములు, కిలోకు 52 కూడా నిండవు. కొట్టువాడు కవర్లు కొనేది కిలోల లెక్కన. పల్చటివి 310 వచ్చే డబ్బుకు మందమైనవి 51 వస్తే, పది రూపాయల కొత్తిమీరకు ఉత్తగనే కవర్ ఇవ్వబుద్ధి కాదు. నిబంధన వెనక ఆలోచన ఇదే. ఇంకో కారణమూ ఉంది. కాగితాలు, ప్లాస్టిక్ ఏరుకునేవాళ్లకు కిలో కావాలంటే పల్చటివి మూడు వందలు ఏరాలి, మందమైనవి యాభై చాలు. పల్చటిది ఎవరూ వంగి తీయరు, అది మోరీలోకే పోతుంది.

ఎదురువాదం కూడా కొట్టిపారేసేది కాదు. మందపు కవర్‌ను కూడా జనం ఒక్కసారే వాడి పారేస్తే, 20 మైక్రాన్ల కవర్‌తో పోలిస్తే ఆరింతల ప్లాస్టిక్ చెత్తలో పడుతుంది. ఆరుసార్లు వాడితేనే లెక్క సరిపోతుంది. ఇక దొంగచాటుగా వచ్చే పల్చటి కవర్ ఎక్కడ తయారవుతోందో అక్కడ పట్టుకోకుండా పూలమ్మే ఆమె దగ్గర పట్టుకోవడం ఏమిటని వ్యాపారులు అడుగుతారు. నాకూ ఆ ప్రశ్న సబబుగానే తోస్తుంది.

మరి గుడ్డ సంచి? డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో చేసిన లెక్కలో, వాతావరణం మీద ప్రభావం ఒక్కటే చూస్తే మామూలు పత్తి సంచిని కనీసం 52 సార్లు వాడితేనే పాలిథిన్ కవర్‌తో సమానం. నీళ్లు, ఎరువులు, ఓజోన్ పొర వంటి అన్ని కొలతలూ కలిపితే ఆ సంఖ్య 7,100. పాలిథిన్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు ఈ అంకె చూపిస్తారు. వాళ్లు చెప్పని విషయం ఒకటుంది: రోడ్డు మీద, కాలువలో, ఆవు కడుపులో చేరే కవర్ల నష్టాన్ని ఆ అధ్యయనం లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ వాడిన కవర్ చివరికి చెత్తబుట్టలోకి చేరుతుందని అనుకున్నారు. మన దగ్గర ఆ అనుకోలు నిలవదు. పైగా ఆ 52 సార్లు కొత్తగా నేసిన సంచికి. పాత చీర చింపి కుట్టిన సంచికి కొత్త పత్తి పండించక్కర్లేదు.

వేడి చాయ్ కవర్లో పోస్తే

చాయ్, సాంబారు, పప్పు కవర్లో కట్టివ్వడం మన దగ్గర మామూలు. చాయ్ 80, 90 డిగ్రీలుంటే కవర్ కరగదు. కాబట్టి "ప్లాస్టిక్ కరిగి చాయ్‌లో కలుస్తుంది" అన్న మాట ఉన్నదున్నట్టుగా నిజం కాదు. బిస్ఫినాల్-ఏ భయం కూడా పాలిథిన్‌కు వర్తించదు, ఆ రసాయనం పాలీకార్బొనేట్ అనే వేరే గట్టి ప్లాస్టిక్‌కు సంబంధించింది. మెత్తని పీవీసీలో కలిపే థాలేట్లు కూడా పాలిథిన్‌కు అక్కర్లేదు.

అట్లాగని నిశ్చింతగా ఉండమని కాదు. గొలుసులు కదలకపోయినా, తయారీలో కలిపే చిన్న అణువులు, అంటే పాడవకుండా వేసే రసాయనాలు, జారుడు కోసం వేసేవి, రంగులు, ఇవి ఆహారంలోకి జారగలవు. వేడి, నూనె, ఎక్కువసేపు ఉంచడం, మూడూ ఈ జారుడును పెంచుతాయి. అందుకే పెరుగు కన్నా నూనె కారే మిర్చి బజ్జీతో జాగ్రత్త ఎక్కువ అవసరం. ఆహారం ప్యాక్ చేసే ప్లాస్టిక్ నుంచి కిలోకు 60 మిల్లీగ్రాములకు మించి పదార్థం ఆహారంలోకి దిగకూడదని, రంగు అసలే దిగకూడదని దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధన. ఆ పరీక్ష దాటిన ముడి పాలిథిన్ కవర్ వేరు, ఏ డబ్బాలో ఏముండెనో తెలియని పాత ప్లాస్టిక్ కరిగించి తీసిన నల్ల కవర్ వేరు. రీసైకిల్ చేసిన చేతిసంచుల్లో తినే, తాగే పదార్థాలు ఇవ్వకూడదని 2016 నిబంధనలు చెప్పాయి, 2021 సవరణ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణాలకు లోబడితేనే వీలిచ్చింది. కోడికూర కొట్ల ముందు వేలాడేవి ఏ రంగు కవర్లో చూసినవాళ్లకు తెలుసు.

ప్లాస్టిక్ గ్లాసు వద్దని కాగితపు కప్పు తీసుకునేవాళ్లు చాలామంది. కప్పు లోపలి గోడను గోటితో గీకితే పల్చని పొర లేస్తుంది. చాయ్‌కి కాగితం నానకుండా ఆపేది ఆ పొరే, అది ఎక్కువగా పాలిథినే. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో 85, 90 డిగ్రీల వేడినీళ్లు 100 మిల్లీలీటర్లు అలాంటి కప్పులో 15 నిమిషాలు ఉంచితే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు దిగినట్టు చెప్పారు.

వాటి వల్ల హాని ఎంత? 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కలను మైక్రోప్లాస్టిక్ అంటారు. 2022లో మనిషి రక్తంలో కనిపించిన ప్లాస్టిక్ రకాల్లో పాలిథిన్ ఉంది. 2024లో ఇటలీ వైద్యులు మెడ రక్తనాళంలో పేరుకున్న కొవ్వును శస్త్రచికిత్సతో తీసి చూస్తే, 257 మందిలో 150 మందికి అందులో పాలిథిన్ దొరికింది. ప్లాస్టిక్ కనిపించినవాళ్లలో ఆ తర్వాత గుండెపోటు, పక్షవాతం, మరణాలు ఎక్కువగా నమోదయ్యాయి. రెండూ కలిసి కనిపించాయన్నంత వరకే అది చెబుతుంది, ఒకదాని వల్ల ఇంకొకటి జరిగిందని రుజువు కాదు. భయపెట్టేవాళ్లు, కొట్టిపారేసేవాళ్లు ఇద్దరూ ఈ అధ్యయనాన్నే వాడుకుంటున్నారు.

నల్లగొండ వైపు ఇంకో సందేహం వినిపిస్తుంటుంది: ట్యాంకులో నిలవ ఉంచితే నీళ్లలో ఫ్లోరైడ్ ఏమవుతుంది? ఏమీ కాదు. పాలిథిన్ ఫ్లోరైడ్‌ను పీల్చుకోదు, వదలదు. బోరు నీళ్లలో ఎంతుందో ట్యాంకులోనూ అంతే ఉంటుంది.

పాలమూరు ఎండలో ఏం జరుగుతుంది

ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి పాలిథిన్ గొలుసులను తెంపుతాయి. వేసవిలో గోడ మీద మరిచిపోయిన కవర్ కొన్ని నెలలకు ముట్టుకుంటే పెళుసుగా పలుకులవుతుంది. మాయమైందనుకుంటాం గానీ, ఏరలేనంత చిన్నదవుతుంది, అంతే. డ్రిప్పు పైపులో, హెచ్‌డీపీఈ పైపులో సుమారు రెండు, రెండున్నర శాతం కార్బన్ బ్లాక్ అనే మసి కలుపుతారు. ఆ మసి కిరణాలను తనే మింగి గొలుసులను కాపాడుతుంది. పైపులు నల్లగా ఉండేది అందుకే. ట్యాంకు బయటి పొర నలుపు, లోపలి పొర తెలుపు ఉండటానికీ కారణముంది: నలుపు కిరణాలను, వెలుతురును ఆపి పాచి పట్టకుండా చూస్తుంది, తెలుపు పక్క నీళ్లకు తగిలేది.

"వెయ్యేళ్లు ఉంటుంది" అనే మాట అంచనా. పాలిథిన్ పుట్టి వందేళ్లు కాలేదు, వెయ్యేళ్లు చూసినవాళ్లు లేరు. ఎండ తగలని మట్టిలో, చెత్తకుప్ప అడుగున దానికి ఎక్కువ ఆయుష్షు అనే దాకా ఖాయంగా చెప్పవచ్చు.

ఎకరం బత్తాయి, ఎకరం టమాట

నల్లగొండ జిల్లాకు పేరు తెచ్చిన బత్తాయి తోట తీసుకుందాం. సాళ్ల మధ్య ఆరు మీటర్లు, సాలుకు రెండు లాటరళ్లు అనుకుంటే ఎకరానికి సుమారు 1,350 మీటర్ల పైపు కావాలి. 16 ఎంఎం పైపు, గోడ మందం ఒక మిల్లీమీటరు ఉంటే మీటరు బరువు 43 గ్రాములు. మొత్తం 58 కిలోలు. బోరు నీళ్లలోని ఉప్పుకు డ్రిప్పర్ల నోట్లో తెల్లగా సున్నం కడుతుంది, ఉడుతలు కొరుకుతాయి, అతుకులు వేయాల్సి వస్తుంది. అయినా ఎనిమిదేళ్లు వచ్చిందనుకుంటే ఏడాదికి 7 కిలోల పాలిథిన్ చొప్పున పడుతుంది.

ఇప్పుడు ఎకరం టమాట, మల్చింగ్ షీటు (మొక్కల చుట్టూ నేల మీద కప్పే పల్చటి పాలిథిన్ పొర) వేసి. బెడ్ల మధ్య మీటరున్నర, షీటు వెడల్పు 1.2 మీటర్లు, మందం 25 మైక్రాన్లు. 400 మీటర్ల చుట్ట ఒకటి 11 కిలోలు. ఎకరానికి 2,700 మీటర్లు కావాలి, అంటే ఏడు చుట్టలకు కొంచెం తక్కువ, 75 కిలోలు. ఇది ఒకటి, మహా అయితే రెండు పంటలకు. పైపుది ఎనిమిదేళ్ల బరువు, షీటుది ఒక కాలం బరువు.

షీటు వల్ల లాభం తక్కువేం కాదు. కింది నలుపు వెలుతురు ఆపి కలుపు మొలవనివ్వదు, పై వెండిరంగు ఎండను తిప్పికొడుతుంది, తడి ఆరదు. కలుపు కూలీ, నీళ్ల లెక్క చూసుకుంటే రైతు దాన్ని ఎందుకు వద్దంటాడు? చిక్కు పంట అయిపోయాక వస్తుంది. అంచులు మట్టిలో పూడ్చినవి, మధ్యలో మొక్కల కోసం రంధ్రాలు కోసినవి. లాగితే సగం చిరిగి చేతికొస్తుంది, సగం మట్టిలోనే ఉంటుంది. వచ్చింది కూడా బురదతో, వేర్లతో ఉంటుంది కాబట్టి స్క్రాప్ షాపువాళ్లు మొహం చాటేస్తారు. దున్నితే ముక్కలు భూమిలో కలుస్తాయి, గట్టున వేసి కాలిస్తే పొగ, అది చట్టరీత్యా కూడా తప్పు. పాత లాటరల్ అలా కాదు. శుభ్రంగా చుట్టచుట్టి బండికెత్తవచ్చు, దానికో ధర పలుకుతుంది.

తిరిగి కరిగించడం, ఎరువుగా మారడం

పాలిథిన్ వేడికి కరిగి చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ మలచవచ్చు. కరిగించిన ప్రతిసారీ గొలుసులు కొంత తెగుతాయి, రంగులు కలిసిపోతాయి. అందుకే పాత తెల్ల డబ్బా మళ్లీ తెల్ల డబ్బా కావడం అరుదు, నల్ల పైపో, టబ్బో, పరదానో అవుతుంది. కడిగిన పాలప్యాకెట్‌కు గిరాకీ ఉంటుంది, ఎందుకంటే అంతా పాలిథినే. చిప్స్ ప్యాకెట్‌లో పాలిథిన్‌తో పాటు వేరే ప్లాస్టిక్‌లు, అల్యూమినియం పూత అతికించి ఉంటాయి, వాటిని విడదీయడం మామూలు యూనిట్లకు సాధ్యం కాదు.

"కంపోస్టబుల్" అని రాసిన కవర్లు వేరే పదార్థం. వాటికి మందం నిబంధన వర్తించదు గానీ, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉండాలి. అవి కుళ్లేది వేడి, తేమ అదుపులో ఉండే కంపోస్టు కేంద్రంలో. మోరీలో పడితే పాలిథిన్ కవర్ లాగే చాలాకాలం ఉండగలవు. పాలప్యాకెట్లతో కలిపి కరిగిస్తే ఆ మొత్తాన్నీ పాడుచేస్తాయి కూడా.

2022 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్యాకింగ్‌కు వాడిన ప్లాస్టిక్‌ను తిరిగి సేకరించే బాధ్యత దాన్ని మార్కెట్లోకి తెచ్చిన కంపెనీలదే. షాంపూ ప్యాకెట్, నూనె కవర్, యూరియా బస్తా ఆ లెక్కలోకి వస్తాయి. మల్చింగ్ షీటు ప్యాకింగ్ కాదు. టమాట చేనులోని ఆ 75 కిలోలను వెనక్కి తీసుకోమని ఆ మార్గదర్శకాలు ఏ కంపెనీకీ చెప్పలేదు. ప్రస్తుతానికి ఏరే కూలీ, కడిగే నీళ్లు, మోసే కిరాయి, అన్నీ రైతు ఖర్చే.